పత్తి కట్టె బొగ్గుతో ఎరువు చేస్తానంటోంది, ఆపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ ఫైనల్ ఇయర్. పత్తి కట్టెతో బయోచార్ చేసి, గోబర్ గ్యాస్ స్లర్రీ పట్టించి ఎరువుగా అమ్ముతానంటోంది. నేనేమో బ్యాంక్ ఏఎఫ్‌ఓ (వ్యవసాయ అధికారి ఉద్యోగం) పరీక్ష రాయమంటున్నా. ఏం చెయ్యాలి సార్? (ఆదిలాబాద్ జిల్లా నుంచి ఒక తండ్రి)

జవాబు: ఆపకండి సార్, కానీ డిగ్రీ అవ్వగానే కంపెనీ కూడా పెట్టనివ్వకండి.

మీ వైపు పత్తి ఏరడం అయిపోయాక కట్టెని చేలోనే తగలబెట్టేస్తారు కదా, దాన్నే గాలి సరిగా ఆడకుండా 400, 500 డిగ్రీల్లో కాలిస్తే బూడిద అవ్వకుండా బొగ్గు మిగులుతుంది, అదే బయోచార్. హైదరాబాద్‌లో క్రిడా (CRIDA, కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) సైంటిస్టులు పత్తి కట్టె, కంది కట్టె మీద ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నారు, కాబట్టి గాలి మాటేం కాదు.

చిక్కెక్కడంటే, ఒట్టి బొగ్గు ఎరువు కాదు. అలాగే చేలో వేస్తే మట్టిలో నత్రజనిని అదే పట్టేసుకుని మొక్క కొన్నాళ్లు పాలిపోవచ్చు, అందుకే ముందే స్లర్రీలో నానబెట్టాలి. మురుగునీళ్లలో మెగ్నీషియం కలిపితే భాస్వరం, అమ్మోనియా కలిసి స్ట్రూవైట్ అనే స్ఫటికాలుగా దిగుతాయి, దాన్నీ బొగ్గుతో కలపొచ్చు. భాస్వరం, పొటాష్ మన దేశం ఎక్కువగా బయట నుంచే కొంటోంది, పారబోసే దాంట్లోంచి వాటిని వెనక్కి తీసేవాళ్లకి ముందు ముందు పనుంటుందని నేను గట్టిగా నమ్ముతున్నా. కానీ బొగ్గుకి పోషకాలు ఎంత పట్టాయి, సీసం, కాడ్మియం లాంటివి ఏమైనా వచ్చాయా అని కొలిచి చెప్పగలగాలి. పైగా బయోచార్‌కి సాధారణంగా క్షార గుణం ఎక్కువ, ఆమ్లపు నేలకి మేలు చేసే అదే గుణం పీహెచ్ 8 దాటిన నల్లరేగడిలో ఇబ్బంది పెట్టొచ్చు. బస్తా మీద ఎరువని రాసి అమ్మాలంటే 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ఉండనే ఉంది.

ఇవన్నీ వచ్చేది ఎమ్మెస్సీ సాయిల్ సైన్స్‌లో. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ఎంట్రన్స్ రాయించండి, సీటొస్తే థీసిస్ ఇదే టాపిక్ మీద అడగమనండి. తర్వాత ఎరువుల కంపెనీల క్వాలిటీ ల్యాబ్‌లు, కేవీకేలు (కృషి విజ్ఞాన కేంద్రాలు), బయోచార్ కార్బన్ క్రెడిట్లకి (కార్బన్‌ని గాల్లోకి పోకుండా నిలిపినందుకు ఇచ్చే, అమ్ముకోగల సర్టిఫికెట్లు) కొలతలు తీసే సంస్థలు ఉన్నాయి, మొదట్లో జీతం బ్యాంక్ కంటే తక్కువే ఉండొచ్చు, అది మీరిద్దరూ ముందే మాట్లాడుకోండి.

ఏఎఫ్‌ఓ కూడా రాయనివ్వండి సార్, మెయిన్స్‌లో అడిగేది అగ్రికల్చర్ సబ్జెక్టే, రెండిటికీ చాలావరకు అవే పుస్తకాలు. ఈలోపు ఈ సీజన్ కట్టె కొంచెం పాత డ్రమ్ములో కాల్చి, స్లర్రీ పట్టించక ముందొకటి, పట్టించాక ఒకటి శాంపిల్ ల్యాబ్‌కి పంపమనండి, రేపు గైడ్ ముందు ఆ రెండు రిపోర్టులు పెడితే టాపిక్ అడగడం తేలికవుతుంది.