సూపర్‌హీరో కామిక్స్‌లోని క్రూరత్వం మీద అభ్యంతరం ఎందుకు?

విషాద కథలు వద్దని కాదు. ఆ హింస ఎవరి మీద, దేనికోసం అన్నదే ప్రశ్న. కామిక్స్ సంస్థ డీసీ వారి ‘గ్రీన్ లాంటర్న్’ 54వ సంచికలో (1994) హీరో కైల్ రేనర్ ప్రియురాలు అలెగ్జాండ్రాను విలన్ చంపి ఫ్రిజ్‌లో కుక్కుతాడు. ఆమె ఫొటోగ్రాఫర్, కైల్ తొలి శిక్షణకు తోడు నిలిచిన మనిషి. కథకు మాత్రం ఆమె చావు హీరోకు కోపం తెప్పించే సాధనం, అంతే. 1999లో గెయిల్ సిమోన్ (తర్వాత కామిక్స్ రచయిత్రి అయింది) ఇలా బలైన స్త్రీ పాత్రల పేర్లు రాస్తే జాబితా చాంతాడంత అయింది. డీసీ వారిదే మరో కామిక్ ‘ఐడెంటిటీ క్రైసిస్’ (2004) మరీ అన్యాయం. సరదాకూ అన్యోన్యతకూ పేరుపడ్డ డిబ్నీ దంపతుల (హీరో రాల్ఫ్, భార్య స్యూ) గతంలోకి స్యూపై అత్యాచారాన్ని చొప్పించి, ఆమెను చంపేశారు. ఆమె వేదన కన్నా, ఆ అత్యాచారం చేసిన విలన్ మెదడును మార్చేసిన హీరోల రహస్యమే కథకు ముఖ్యమైంది. నేను క్షమించలేనిది అదే.