పికప్‌కి రీమ్యాప్: రోడ్డు మీదా, డైనో మీదా?

మీ ఇసుజు వి-క్రాస్ పికప్‌కి పెద్ద టైర్లు, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) వేశారు, ఇప్పుడు రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని ఫైల్ మార్చడం, ఇక్కడే రోడ్డు మీద చేయించాలా, హైదరాబాద్ దాకా వెళ్లి డైనో (బండి చక్రాల్ని రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద చేయించాలా, అంతే కదండీ మీ ప్రశ్న. నేను రెండూ చేయించాను, అదీ తప్పు వరుసలో.

నాది పాత 2.5 లీటర్ల డీజిల్. మొదట రోడ్డు ట్యూనే. ట్యూనర్ పక్క సీట్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, రావులపాలెం నుంచి తణుకు వైపు హైవే మీద తెల్లారగట్ల నాలుగింటికి మూడో గేర్లో ఫుల్లుగా తొక్కడం, పక్కకి ఆపి లాగ్ (ఇంజిన్ రీడింగుల రికార్డు) చూడడం, ఫైల్ మార్చి మళ్లీ తొక్కడం. పొద్దెక్కితే కుదరదు, చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ వరసగా పోతుంటాయి, కోతల రోజుల్లో అయితే రోడ్డు పక్కంతా ధాన్యమే. బండి లాగుడు చూసి నాకే ముచ్చటేసింది. పొగ లేదు, వేడి లేదు.

ఎలా ఉంటుంది లెండి! మన డెల్టాలో ఎత్తంటే వంతెన ఒక్కటే, సిద్ధాంతం వంతెన ఎక్కి దిగేలోపు ఇంజిన్‌కి వేడెక్కే టైమేదీ? నెల తిరక్కుండా ఐదుగురం సామాన్లతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంటే ఎగ్జాస్ట్ వేడి చూపే గేజ్ 780 డిగ్రీలు దాటింది, వెనకంతా నల్లపొగ. టర్బో పోతుందని టెన్షన్, ఇంటిదాకా కాలు నొక్కితే ఒట్టు.

అప్పుడు వెళ్లాను డైనోకి. బండిని రోలర్ల మీద బెల్టులతో కట్టేసి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర ఆపి పట్టుకుని లోడ్ పెంచుతూ పోతే, ఘాట్‌లో చూసిన వేడి నిమిషంలోపే కనబడింది. మధ్య ఆర్‌పీఎమ్‌లో డీజిల్ తగ్గించారు. చక్రాల దగ్గర 151 ఉన్నది 143 హార్స్‌పవర్‌కి దిగింది, నాకేం బాధ లేదు. కంపెనీ నుంచి వచ్చిన స్టాక్ ఫైల్‌తో 112 వచ్చింది, కంపెనీ లెక్క 134. అది చూసి గాభరా పడకండి, కంపెనీ చెప్పేది ఇంజిన్ దగ్గర లెక్క, మిగతాది గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు తినేస్తాయి.

అయితే డైనోతో పని అయిపోలేదు. ఇంటికొచ్చాక కాలవ గట్టు మీద సగం కాలుతో 1,400 ఆర్‌పీఎమ్ దగ్గర వెళ్తుంటే కుదుపులు. అలాంటివి రోలర్ల మీద వెతకాలంటే గంటల లెక్కన డబ్బులు పోస్తూ కూర్చోవాలి. రెండు రోజులు మామూలుగా తిరిగి లాగ్‌లు పంపితే సరిచేసిన ఫైల్ వచ్చింది.

కాబట్టి ముందు డైనో, తర్వాత రోడ్డు. బుక్ చేసే ముందు ఆ డైనోకి బ్రేక్ (రోలర్లని ఆపి పట్టుకుని లోడ్ పెంచేది) ఉందా అని అడగండి. బ్రేక్ లేని ఉత్త ఇనర్షియా డైనో అయితే డ్రమ్ము తిప్పి పది పదిహేను సెకన్లలో నంబర్ చేతిలో పెడతారు, దానికీ మన హైవేకీ తేడా లేదు. ఇంకోటి, మడ్ టైర్లు రోలర్ల మీద పవర్ బాగా తింటాయి, అందుకని ముందు రన్‌కీ తర్వాత రన్‌కీ అవే టైర్లు, అదే గాలి ఉండేలా చూసుకోండి.