పాఠకుల ప్రశ్నలు: 31 ఏళ్ల కొడుకు, నాన్న పింఛను

ప్రశ్న: మాది నల్లగొండ. ఉపాధ్యాయుడిగా పని చేసి రిటైరయ్యాను. కనగల్ వైపు మా ఊళ్లో నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మా అబ్బాయికి 31 ఏళ్లు. బీటెక్ అయ్యాక పుణెలో ఉద్యోగం వస్తే, తెలియని ఊరు, జీతమూ తక్కువ అని నేనే వద్దన్నాను. గ్రూప్స్ రాయమని హైదరాబాద్ పంపించాను. అశోక్‌నగర్‌లో హాస్టల్, కోచింగ్, స్టడీ హాల్ ఖర్చులన్నీ నావే. గడువు దాటిపోతుందన్న భయంతో దరఖాస్తులు కూడా నేనే నెట్ సెంటర్‌లో కూర్చుని నింపిస్తుంటాను. ఏడాదిగా ఇంట్లోనే ఉంటున్నాడు. పొద్దెక్కేదాకా లేవడు, ఏదైనా పని చూసుకోమంటే ‘చూద్దాం నాయినా’ అంటాడు. వాళ్లమ్మ నాకు తెలియకుండా ఫోన్‌లో డబ్బులు వేస్తుంటుంది. పెళ్లి చేస్తే బాధ్యత తెలుస్తుందని బంధువులు, తోట అతని పేర పట్టా చేస్తే దారికొస్తాడని మా తమ్ముడు అంటున్నారు. డబ్బులు పూర్తిగా ఆపేయమంటారా?

జవాబు: మీరు అడిగింది డబ్బు గురించే అయినా, మీ ఉత్తరంలో ముందుగా కనిపించినవి మరో రెండు విషయాలు. చేతికి వచ్చిన ఉద్యోగాన్ని వద్దన్నది మీరు, దరఖాస్తులు నింపిస్తున్నదీ మీరు. ఖర్చు మీది, నిర్ణయం మీది, చివరకు గడువు తేదీ గుర్తుంచుకోవలసిన పని కూడా మీదే అయినప్పుడు, ఆ అబ్బాయి వంతుకు మిగిలింది పరీక్ష రాయడం, తప్పడం మాత్రమే. మిమ్మల్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఈ జిల్లాల్లో ఉపాధ్యాయుల ఇళ్లలోనూ చిన్న రైతుల ఇళ్లలోనూ ప్రేమ ఎక్కువగా ఈ రూపంలోనే ఉంటుంది. కానీ డబ్బు మాత్రం ఆపి, నిర్ణయాలు మీ దగ్గరే ఉంచుకుంటే అది అతనికి శిక్షగా తోస్తుందే తప్ప స్వాతంత్ర్యంగా అనిపించదు.

అతని పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్‌ను ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. ఆ నోటిఫికేషన్‌నే ఉపసంహరించుకుని 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఒకే ఉద్యోగానికి ప్రిలిమ్స్ మూడుసార్లు రాసిన పిల్లలు మీ వీధిలోనూ ఉండి ఉంటారు. కాబట్టి పోయిన ఏళ్లన్నీ బద్ధకం ఖాతాలో వేయకండి. అయితే అదే 2024లో గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46 ఏళ్లకు పెంచారు. అంటే ఇక చాలని సర్వీస్ కమిషన్ మీ అబ్బాయికి ఇంకా చాలా ఏళ్లు చెప్పదు. ఆ గీత మీ ఇంట్లోనే గీసుకోవాలి.

ముగ్గురూ కూర్చుని ఒక తేదీ అనుకోండి. ఆ తేదీ అతని నోటి నుంచి రావాలి. మీరు చెబితే అదీ మీ నిర్ణయమే అవుతుంది. అంతవరకు నెలకు ఇంత అని ఒకే మొత్తం అతని ఖాతాలో వేసి, పుస్తకం కొన్నా, ఫోన్ రీచార్జి చేసుకున్నా, స్నేహితుడి పెళ్లికి వెళ్లినా అందులోంచే సర్దుకోమనండి. మీ భార్య రహస్యంగా పంపడం ఆగాలంటే ఆ మొత్తం ఆమెకు కూడా సబబుగా తోచాలి, కాబట్టి మరీ బిగించకండి. దరఖాస్తుల లాగిన్ వివరాలు అతనికి ఇచ్చేయండి. ఒక గడువు దాటిపోతే దాటిపోనివ్వండి. ఇందులో మీకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే అవుతుందనుకుంటాను.

తోట విషయంలో మీ తమ్ముడి ఆలోచనలో కొంత పస ఉంది, కానీ పట్టా దాకా పోనక్కర లేదు. వచ్చే కాపును అతనికి అప్పగించండి. మందులు, కూలీలు, మోటారు మరమ్మతు, దళారీతో బేరం, టన్నుకు తరుగు ఎంత తీస్తారన్న పేచీ, అన్నీ అతనే చూసుకోవాలి. మిగిలింది అతను ఉంచుకోవాలి, నష్టం వస్తే లెక్క రాసి చూపించాలి. పక్కనుంచి సలహా ఇవ్వాలని మీకు ప్రతిరోజూ అనిపిస్తుంది. అడిగితే తప్ప చెప్పకండి. నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబై, పుణెలకు వలసపోయిన పిల్లలు ఇరవై ఏళ్లకే ఇల్లు నడుపుతారని పోలిక తెచ్చేవారు మన దగ్గర చాలామంది ఉంటారు. వారికి గత్యంతరం లేక నడిపారు. దాన్ని ఆదర్శంగా చెప్పి ఈ అబ్బాయిని చిన్నబుచ్చవలసిన పని లేదు.

పెళ్లి మాట ఇప్పుడు వద్దు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెత మీ బంధువులకూ తెలిసే ఉంటుంది. మీ పింఛను మీద మరో ఆడపిల్ల బతుకును కూడా నిలబెట్టడం న్యాయం కాదు.

పొద్దెక్కేదాకా లేవడంలేదని రాశారు. దానితో పాటు తిండి తగ్గడం, స్నేహితులను తప్పించుకోవడం, బతుకు మీద విసుగు మాటలు కూడా ఉంటే, పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి ముందు మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

ఇక పట్టా. వైకల్యం లేని, మేజరైన కొడుకును పోషించే బాధ్యత చట్టప్రకారం మీ మీద లేదు. భూమి మీ స్వార్జితమైతే అది మీ ఇష్టం. పిత్రార్జితమైతే అతనికీ, ఆడపిల్లలుంటే వారికీ వాటాలు ఉండవచ్చు కాబట్టి ముందు వకీలుకు కాగితాలు చూపించండి. ఎప్పటికైనా రాసి ఇవ్వదలచుకుంటే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతును గిఫ్ట్ దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. అలా రాసి ఉండి, తర్వాత అతను చూసుకోకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయమని ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌ను మీరు కోరవచ్చు. నోటి మాట మీద ఇచ్చేస్తే అక్కడ నిరూపించుకోవడం చాలా కష్టం. ఏమైనా ఒకటి రెండు కాపులు అతని చేతిలో నడిచేదాకా తహసీల్దార్ కార్యాలయం మెట్లు ఎక్కకండి.