'అనుకూలించడం'తో వచ్చిన చిక్కు

సందేహం: కోడ్ ఎడిటర్ వాడకం గురించి తెలుగులో పాఠాలు రాస్తున్నాను. ఒక పాఠానికి 'ట్యాబ్ లేబుళ్లను అనుకూలించడం' అని పేరు పెట్టాను. 'అనుకూలీకరించడం' అనాలని మిత్రుడొకరు అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రులు చెప్పిందే వ్యాకరణానికి నిలుస్తుంది. 'అనుకూలించు' అకర్మకం. 'వాతావరణం అనుకూలించింది' అంటాం కానీ 'వాతావరణాన్ని అనుకూలించాను' అనం. 'లేబుళ్లను' అన్నాక సకర్మక క్రియే రావాలి. 'అనుకూలీకరించు' అలాంటిదే. అలా లేనిదాన్ని అలా చేయడం దాని అర్థం. సరళీకరణ, ఏకీకరణ ఈ తీరులో పుట్టినవే.

అయినా నేనైతే ఆ మాట వాడను. మీరు చెప్పదలచిన అర్థానికి తెలుగులో 'కొను' ఉంది. 'తలుపు వేశాడు' అంటే వేశాడంతే. 'తలుపు వేసుకున్నాడు' అనగానే మనిషి లోపలే ఉన్నాడని, తన కోసం వేసుకున్నాడని తెలిసిపోతుంది. రెండక్షరాలు ఇంత పని చేస్తాయి! 'పేరు పెట్టడం', 'పేరు పెట్టుకోవడం' పక్కపక్కన పెట్టి చూడండి. తనకు వీలుగా, తనకు నచ్చినట్టు అన్న భావం రెండోదానిలో దానంతటదే వచ్చేస్తుంది.

అలాగని 'ఫైలు పేరు మార్చుకోవడం' అని మాత్రం రాయకండి. అది వేరే పని. విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌లో 2024 మార్చి నాటి 1.88 వెర్షన్‌తో వచ్చిన ఈ సదుపాయం ట్యాబ్ మీద కనిపించే పేరునే మారుస్తుంది, ఫైలు జోలికి పోదు. అయిదు ఫోల్డర్లలో అయిదు 'ఇండెక్స్.జెఎస్' ఫైళ్లు తెరిచారనుకోండి, ట్యాబ్‌లన్నిటి మీదా అదే పేరు. సెట్టింగుల్లోని నమూనాలో 'డిర్‌నేమ్' అనే గుర్తు వాడితే, ఆ చోట ఫైలున్న ఫోల్డరు పేరు కనిపిస్తుంది. డిస్కులో ఫైలు మాత్రం 'ఇండెక్స్.జెఎస్'గానే ఉంటుంది. పాఠం చదివేవారు ఫైలే మారిపోతుందని భయపడకూడదు కదా.

అందుకని 'ట్యాబ్ మీద మనకు కావలసిన పేరు పెట్టుకోవడం' అనండి. కాస్త పొడవే, కానీ ఎవరికీ అనుమానం మిగలదు. లోపల 'లేబుల్' అని నిస్సంకోచంగా వాడండి. 'చీటీ' అంటే అతికించే కాగితం గుర్తొస్తుంది, 'శీర్షిక' అంటే వ్యాసం గుర్తొస్తుంది. బహువచనం మీరు రాసినట్టు 'లేబుళ్లు' సరైనదే. ఫైలు ఫైళ్లయినట్టే ఇదీను.