వానలో బ్రేకు పట్టకపోవడం, చైను కిర్రుమనడం

ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం రోజూ సైకిల్ మీదే వెళ్తున్నానని, వాన పడితే బ్రేకు పట్టట్లేదని, రెండు రోజులకే చైను కిర్రుమంటోందని అడిగారు.

ముందు బ్రేకు చూడండి, అది ప్రాణంతో పని. మీది స్టీలు రిమ్ము. తడి స్టీలు మీద రబ్బరు జారిపోతుంది, ఎంత కొత్త రబ్బర్లు వేసినా అంతే. కేబుల్ బ్రేకే (కడ్డీలతో కాక తీగతో లాగేది) అన్నారు కాబట్టి అల్యూమినియం రిమ్ములు వేయించండి. కొనేటప్పుడు టైరు మీది అంకె చూడాలి: 26 × 1.95 అయితే 559 రిమ్ము (టైరు కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో), 26 × 1⅜ అయితే 590. రెండూ '26' అనే అమ్ముతారు గానీ ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. హబ్బుకి (చక్రం మధ్యలో పుల్లలు బిగించే భాగం) 36 బొక్కలుంటే రిమ్ముకీ 36 ఉండాలి. అందాకా, ఆగాల్సిన చోటుకి చాలా ముందే బ్రేకు మెల్లగా ఆనించండి. రిమ్ము మీది నీళ్లు తుడుచుకుపోయాకే పట్టు దొరుకుతుంది. రబ్బర్లలో దిగిన ఇసుక రేణువులు పిన్నుతో తీసేయండి, లేకపోతే రిమ్మును గీరేస్తాయి.

చైనుకి వంటనూనె వద్దు, జిగురు కడుతుంది. డీజిల్ గుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కో రోలరుకి ఒక్క చుక్క మెషిన్ ఆయిల్ వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పది నిమిషాలాగి పైనంతా పొడిగా తుడవండి. పైన మిగిలిన ఆయిలే ఇసుకను పట్టి చైనును అరగదీస్తుంది.

చైను మీదికి బురద కొట్టేది ముందు చక్రం. ముందు మడ్‌గార్డు కింద పాత ట్యూబు ముక్క, నేలకి బెత్తెడు ఎత్తు వరకు వేలాడేలా, రెండు బోల్టులతో బిగించండి.