ఎనిమిది అడుగుల సీఎన్‌సీకి బాల్‌స్క్రూ వేయొచ్చా?

ప్రశ్న: ఇంటి షెడ్డులో 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు పట్టే సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) తయారు చేసుకుంటున్నాను. పొడవు వైపు కదలికకు 16 మి.మీ. బాల్‌స్క్రూ (మోటారు తిప్పే మరచుట్ల కడ్డీ) వేద్దామనుకుంటున్నా. సరిపోతుందా?

జవాబు: వద్దండీ. రెండున్నర మీటర్ల పొడవున అంత సన్నటి స్క్రూ నిమిషానికి సుమారు 300 చుట్ల దగ్గరే తాడులా ఊగడం మొదలుపెడుతుంది. చుట్టుకు 5 మి.మీ. కదిలే స్క్రూ అయితే నిమిషానికి మీటరున్నర కూడా దాటలేరు. ప్లైవుడ్‌కి ఆ వేగం చాలదు. బిట్ కోయడం మానేసి రుద్దుతుంది, వేడెక్కి మొండిబారుతుంది. పొడవు వైపు రాక్ అండ్ పినియన్ (పళ్ళ పట్టీ, దాని మీద దొర్లే పళ్ళచక్రం) వేయండి. గాంట్రీకి (బిట్‌ను మోస్తూ షీటు మీదుగా కదిలే అడ్డ చట్రానికి) రెండు పక్కలా చెరో మోటారు, చెరో హోమింగ్ స్విచ్ (మొదలు స్థానాన్ని గుర్తించే స్విచ్) పెట్టండి. ఒకవైపే లాగితే గాంట్రీ వంకరపోతుంది. స్క్రూ మీద మోజు తీరకపోతే పైకీ కిందికీ కదిలే జెడ్‌కి వాడుకోండి, అక్కడ అది బంగారం.

నన్నడిగితే మోటార్ల కన్నా ముందు గాంట్రీ దూలం గురించి టెన్షన్ పడాలి. పొడవు రెట్టింపైతే అదే బరువుకు వంపు ఎనిమిది రెట్లవుతుంది. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువున్న ఉక్కు బాక్స్ ట్యూబ్ తీసుకోండి. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం చేతికందేచోట ఉండాలి.