చంటీ, ఆ కుర్చీ మీద చెయ్యి వేసే ముందు ఇది చదువు

ఒరేయ్ చంటీ,

పొద్దున మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, అటక మీద నుంచి తాత కుర్చీ దింపి కొండాపూర్ ఫ్లాట్‌కి పట్టుకెళ్ళావట, పాలిష్ నువ్వే చేస్తావట, సీటు కూడా నువ్వే అల్లుతావట. అప్పట్నించి నాకు చేతిలో పని సాగట్లేదు. తాత తర్వాత మన ఇంట్లో ఉప్పు కాగితం పట్టేవాడు లేడనుకున్నా, నువ్వు పడుతున్నావు, ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ ఆ ఇరుకు బాల్కనీలో, పక్కన వాషింగ్ మెషీన్, పైన ఆరేసిన బట్టలు, మధ్యలో పాలిష్ కలిపే స్పిరిట్ డబ్బా పెట్టుకుని నువ్వు కూర్చుంటావంటే మాత్రం నాకు నిద్ర పట్టదు రా.

ముందు చెక్క పని, తర్వాతే సీటు. కాళ్ళు ఊగుతుంటే జాయింట్లు విప్పి పాత జిగురు గీకి ఫెవికాల్ పెట్టి తాడుతో బిగించి ఒక రోజు వదిలెయ్. చిన్న చిల్లుల్లోంచి కొత్తగా పొడి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉందన్నమాట, దాని సంగతి ముందు చూడు. పాత అల్లిక కోసే ముందు పైనుంచి, కిందనుంచి ఫోటోలు తీసుకో.

ఇక పాలిష్. వీడియోలు చూసి సాండింగ్ మెషీన్ అద్దెకి తెస్తావేమో, తెచ్చావంటే నేనే వచ్చి తీసుకెళ్ళిపోతా. అది జిట్రేగి కర్ర, అదే రోజ్‌వుడ్, దాని మీదున్నది లక్క పాలిష్. నమ్మకం లేకపోతే సీటు కింద కనపడని చోట స్పిరిట్ తడిపిన దూదితో రుద్దు, జిగురుగా కరిగిందంటే లక్కే. లక్క ఆరిపోయి ఎన్నేళ్ళయినా స్పిరిట్‌లో మళ్ళీ కరుగుతుంది, అందుకే మొత్తం గీకక్కర్లేదు, మురికి తుడిచేసి కొత్త లక్క పల్చగా పట్టిస్తే పాతదాంట్లో కలిసిపోతుంది. కరగలేదంటే మధ్యలో ఎవరో వార్నిష్ కొట్టారు, అప్పుడు ఆపేసి నాకు చెప్పు. షాపులో షెల్లాక్ ఫ్లేక్స్ అని అడుగు, లక్క రేకులే అవి, లీటర్ స్పిరిట్‌కి 200 నుంచి 250 గ్రాములు, రాత్రి నానబెట్టి పొద్దున పల్చటి గుడ్డలో వడకట్టు. కలిపింది నెలల తరబడి దాచకు, పాతబడితే సరిగ్గా ఆరదు. వాన రోజు అసలు వద్దు, తేమకి తెల్లగా మసకేస్తుంది. మోదుగ చెట్టు కనపడితే చాలు, మీ తాత ఆగి కొమ్మల మీద ఈ లక్క తయారుచేసే పురుగు ఉందేమోనని వెతికేవాడు, మేం ఎండలో నిలబడి ఏడ్చేవాళ్ళం.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. తాత పాలిష్‌కి ముందు కర్రకి లిన్‌సీడ్ ఆయిల్, అదే అవిసె నూనె, పట్టించేవాడు, నువ్వూ అదే చేస్తావు, ఎందుకంటే జిట్రేగి చారలు దాంతోనే పైకి తేలతాయి. చిక్కడపల్లిలో తాత చెక్కపని షాపులో ఒక ఏప్రిల్‌లో డైనింగ్ టేబుల్‌కి నూనె పట్టించారు, మా దగ్గర పనిచేసే ఒకాయన నూనె గుడ్డలన్నీ ఉండ చుట్టి గోనెసంచిలో కుక్కి బెంచి కింద పెట్టి వెళ్ళిపోయాడు. రాత్రి పక్కింటివాళ్ళు వచ్చి తలుపు బాదితే గానీ మాకు తెలీలేదు, షాపంతా పొగ, బెంచి, టేబుల్, గోడకి ఆనించిన చెక్క పలకలు అన్నీ కాలిపోయాయి. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. కరెంటు మెయిన్ కూడా ఆపేసే ఉంది. దాంతో మీ తాత ఆ మనిషిని వీధిలో అందరి ముందూ బీడీ పారేశావు అని తిట్టాడు. ఆయన బీడీ తాగడు. నేను కాదు సార్ అని రెండు చేతులు జోడించాడు, మర్నాటి నుంచి పనికి రాలేదు. చాలా రోజులకి రాణీగంజ్‌లో పెయింట్లు అమ్మే పెద్దాయన చెప్పాడు, ఆ నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది, గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి పోతుంది, ఉండ చుడితే లోపలే పెరిగి దానంతట అదే అంటుకుంటుందని. తాత ఆ సాయంత్రమే తను తిట్టిన ఆ మనిషి ఇంటికెళ్ళి క్షమించమని అడిగాడు. ఆయన టీ ఇచ్చి కూర్చోబెట్టాడు గానీ మా షాపుకి మళ్ళీ రాలేదు. ఆ తర్వాత తాత ఎవరి మీదా గొంతెత్తడం నేను వినలేదు.

కాబట్టి నూనె గుడ్డ ఒక్కటి కూడా ఉండ చుట్టి చెత్తబుట్టలో వెయ్యకు. వాడిన వెంటనే నీళ్ళ బకెట్‌లో ముంచు, లేదా బయట తీగ మీద ఒక్కో గుడ్డా విడిగా పరిచి గట్టిగా ఎండనివ్వు. బాయిల్డ్ అని అమ్మే నూనె ఇంకా త్వరగా ఆరుతుంది, దానికి మరీ జాగ్రత్త. స్పిరిట్ వాడేటప్పుడు కిటికీలు తెరువు, దీపం, అగరబత్తి ఏవీ వద్దు, చేతికి గ్లౌజులు వేసుకో, అందులో విషం కలుపుతారు. కుర్చీ వెనక కుడికాలు మీద పాలిష్ బుడగలు కనిపిస్తాయి, అవి ఆ రాత్రివే. జ్ఞాపకం అని ఉంచుకోకు, గీకేసి కొత్తగా వేసెయ్.

సీటు చుట్టూ చిల్లులున్నాయి కాబట్టి రెడీమేడ్ జాలీ షీటు దానికి పనికిరాదు, కేన్ నార, అంటే పేము నార, తెచ్చి చేత్తో అల్లాల్సిందే. చిల్లు మధ్య నుంచి పక్క చిల్లు మధ్యకి కొలువు, 19 మిల్లీమీటర్లుంటే 3 మిల్లీమీటర్ల నార సరిపోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు, అరగంట నానబెట్టు, అంతకంటే నానితే రంగు మారుతుంది. నునుపు వైపు పైకి. నిలువు, అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, ఆపైన రెండు ఐమూలలు, చివర అంచు. చూపులేని ఒకాయన గవర్నమెంట్ ఆఫీసు కుర్చీలు అల్లేవాడు, మన కుర్చీ కూడా ఆయనే అల్లాడు, ఆయన పక్కన కూర్చుని చూశా నేను. మొదటి వరసలు అరచేత్తో నొక్కితే కొంచెం దిగాలమ్మా, ఇప్పుడే బిగిస్తే ఐమూల నార దూరదు, ఆరితే అదే బిగుసుకుంటుంది అనేవాడు. వేళ్ళతో చిల్లులు లెక్కపెట్టుకునేవాడు, ఒక్కటి తప్పేవాడు కాదు. తొందరపడకు, నాలుగు ఆదివారాలు పట్టినా పట్టనీ. అల్లాక రెండు రోజులు ఎవర్నీ కూర్చోనివ్వకు.

గుడ్డలు బకెట్‌లో వేశాక ప్రతిసారీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, విసుక్కోకు. ఐమూలలు మొదలుపెట్టే రోజు ముందే చెప్పు, మధ్యాహ్నం భోజనానికి వచ్చి పక్కన కూర్చుంటా, మీ అమ్మకి పప్పుచారు చాలని చెప్పు.

మీ అత్త